రెండో ఇల్లు, చిన్న బిల్డర్, చాలని ఇళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల కొరత గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు వాదనలు వినిపిస్తాయి. "కొందరికి రెండేసి మూడేసి ఇళ్లుంటే మిగతావాళ్లకు ఎక్కడ మిగులుతాయి?" అనేది ఒకటి. "కట్టనిస్తేనే కదా ఇళ్లు ఉండేది!" అనేది రెండోది. ఈ గొడవలో ఎవరికీ పట్టని వాళ్లు ఇంకొకరున్నారు: ఏడాదికి ఐదో పదో ఇళ్లు కట్టి అమ్ముకునే చిన్న బిల్డర్లు. వాళ్లను పక్కన పెడితే ఈ లెక్క తేలదు. కింది జవాబుల్లో కొన్ని పొడుగ్గా ఉన్నాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోయాయి. ప్రశ్నలే అలాంటివి.

రెండో ఇల్లు అంటే అసలు ఏది?

తాను ఉండే ఇల్లు కాక ఇంకొకటి ఉంటే అది రెండో ఇల్లే. కానీ ఆ ఒక్క మాట కింద వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఏడాదంతా అద్దెకిచ్చిన ఇల్లూ రెండో ఇల్లే. సెలవుల్లో కొన్ని వారాలు ఉండి మిగతా కాలమంతా తాళం వేసి ఉంచేదీ రెండో ఇల్లే. పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చేది, ధర పెరిగేదాకా ఖాళీగా ఉంచేది, అన్నదమ్ముల మధ్య వాటాలు తేలక పాడుబడుతున్నది కూడా ఆ కోవలోకే వస్తాయి.

మొదటి దాంట్లో ఒక కుటుంబం కాపురం ఉంటోంది. ఇళ్ల లెక్కలో అది ఎక్కడికీ పోలేదు, కాగితం మీద పేరు మాత్రం వేరే వాళ్లది. మిగతావన్నీ కాపురానికి దొరికే ఇళ్లలో ఒకదాన్ని తగ్గించేవే. చాలాచోట్ల చట్టాలూ పన్నులూ ఈ తేడా చూడకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాయి. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి.

మరి కొరతకు కారణం రెండో ఇళ్లేనా?

ఊరిని బట్టి ఉంటుంది. దేశం మొత్తం మీద చూస్తే, కాపురం లేని రెండో ఇళ్లు మొత్తం ఇళ్లలో చిన్న భాగంగానే కనిపిస్తాయి. సముద్రపు ఒడ్డు ఊళ్లకు, మంచుకొండల ఊళ్లకు వెళ్లి చూస్తే కథ మారిపోతుంది. అక్కడ ఇల్లు కొనేవాళ్ల జీతం ఆ ఊళ్లో వచ్చేది కాదు. మహానగరంలో సంపాదించి ఇక్కడ కొంటున్నారు. హోటల్లో పనిచేసే మనిషో, బడి పంతులో వాళ్లతో పోటీపడి కొనలేరు. శీతాకాలం వచ్చేసరికి వీధికి వీధి దీపాలు వెలగవు. పిల్లలు చాలక బడి మూతపడుతుంది, బస్సు సర్వీసు తగ్గిపోతుంది. ఆ ఊరివాళ్ల కోపంలో అన్యాయం ఏమీ లేదు.

అయినా ఎక్కడైనా సరే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రెండో ఇల్లు కొన్న డబ్బుతో కొత్త ఇల్లు పుట్టిందా, ఉన్న ఇల్లే చేతులు మారిందా? ఖాళీ స్థలంలో కొత్తగా కట్టించుకుంటే ఇళ్ల సంఖ్య ఒకటి పెరిగింది. ఆ యజమాని రేపు అమ్మేసినా, అద్దెకిచ్చినా ఆ ఇల్లు ఊళ్లోనే ఉంటుంది. పాత ఇల్లే కొని తాళం వేస్తే ఇళ్ల సంఖ్య మారదు, కాపురాలు ఒకటి తగ్గుతాయి. పైకి రెండూ రెండో ఇల్లు కొనడమే. ఫలితాలు మాత్రం పూర్తిగా ఎదురెదురు.

కొన్ని దేశాలు ఈ తేడాను చట్టంలోకే తెచ్చాయి. ఆస్ట్రేలియా విదేశీయులను చాలాకాలంగా కొత్త ఇళ్ల వైపు మళ్లిస్తూ వచ్చి, 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్లపాటు పాత ఇళ్లు కొనడాన్ని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, నిషేధించింది. న్యూజిలాండ్ 2021లో అద్దె ఇళ్ల యజమానులకు వడ్డీ మీద ఉన్న పన్ను మినహాయింపును తగ్గించుకుంటూ వచ్చినప్పుడు కొత్తగా కట్టిన ఇళ్లను వదిలేసింది. తర్వాత ప్రభుత్వం మారి ఆ మినహాయింపును 2025 ఏప్రిల్ కల్లా అందరికీ పూర్తిగా తిరిగి ఇచ్చింది, అది వేరే సంగతి.

లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయంటారు కదా, ఇక కొత్తవి ఎందుకు?

ఖాళీ ఇల్లు ఎక్కడుందన్నదే అసలు విషయం. జపాన్‌లో 2023 సర్వే ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీ, మొత్తం ఇళ్లలో 13.8 శాతం. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ వాటిలో అద్దెకో అమ్మకానికో సిద్ధంగా ఉన్నవి, సెలవు ఇళ్లు తీసేస్తే మిగిలేవి సుమారు 38.5 లక్షలు. అవి ఎక్కువగా కనిపించేది యువత వెళ్లిపోయిన పల్లెల్లో, పాత ఊళ్లలో. ఉద్యోగాలు టోక్యోలో ఉంటే, రైలుకు నాలుగు గంటల దూరంలో పైకప్పు కూలిన ఇల్లు ఎవరికి పనికొస్తుంది?

ఇంకొకటి, కొంత ఖాళీ ఉండాల్సిందే. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు సున్నం వెయ్యాలి, పైపులు చూసుకోవాలి, కాగితాలు పూర్తవ్వాలి. ఖాళీలు మరీ తగ్గిపోయిన నగరంలో అద్దెకుండేవాళ్ల మాట చెల్లదు. "ఇష్టముంటే ఉండండి, లేకపోతే పది మంది క్యూలో ఉన్నారు" అని యజమాని అనగలడు.

అయితే కట్టేది ఎందుకు తగ్గుతోంది? డిమాండ్ ఉంటే బిల్డర్లు పరిగెత్తుకు రావాలి కదా?

వస్తారు, కానీ అందరూ ఒకేలా కట్టరు. ఇంగ్లండ్‌లో 2018లో ఆలివర్ లెట్విన్ అనే ఎంపీ ప్రభుత్వం కోసం ఒక సమీక్ష చేశారు. అనుమతులు వచ్చాక కూడా పెద్ద లేఅవుట్లు ఎందుకంత నెమ్మదిగా కడుతున్నారని చూశారు. ఆయన పరిశీలించిన పెద్ద సైట్లు పూర్తవడానికి పట్టే కాలం మధ్యస్థంగా 15.5 ఏళ్లు. మేస్త్రీలు దొరకక కాదు, ఇటుకలు లేక కాదు. ఒకే రకం ఇళ్లు ఒకేచోట వందల్లో కట్టి ఒకేసారి అమ్మకానికి పెడితే చుట్టుపక్కల ధర పడిపోతుంది. అందుకని ధర చెడకుండా మార్కెట్ ఎన్నింటిని తీసుకోగలిగితే అన్నే విడుదల చేస్తారు. 2024లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ కూడా ఇళ్ల నిర్మాణ మార్కెట్‌ను పరిశీలించి దాదాపు ఇదే చెప్పింది, దానితోపాటు అనుమతుల వ్యవస్థనూ తప్పుపట్టింది.

దీన్ని పెద్ద కంపెనీల దురాశ అనుకోవడం తేలిక. భూమికి ముందే ఒక ధర లెక్కేసి డబ్బు కట్టేశాక ఎవరైనా అలాగే చేస్తారు. వెయ్యి ఇళ్లు ఒకే కంపెనీ చేతిలో ఉంటే అది ఆగగలదు, అదీ అసలు సమస్య. అవే వెయ్యి ఇళ్ల స్థలం నలభై మంది చేతుల్లో ఉంటే ఎవరూ ఆగలేరు. ఒక్కొక్కరి వెనక అప్పు తరుముతూ ఉంటుంది, కట్టి అమ్మితే తప్ప ఊపిరాడదు. చిన్న బిల్డర్ ధర్మాత్ముడని నేను అనడం లేదు. ఆయనకు ఆగే స్తోమత లేదు, కొనేవాళ్లకు కలిసొచ్చేది అదే.

చిన్న బిల్డర్లు నిజంగా తగ్గిపోయారా?

ఇంగ్లండ్ లెక్కలు అందరూ చెప్పుకునేవి: 1988లో కొత్త ఇళ్లలో 39 శాతం చిన్న, మధ్యతరహా బిల్డర్లు కట్టారు. 2020 నాటికి అది 10 శాతం. మాంద్యం వచ్చిన ప్రతిసారీ కొందరు మూసేసుకున్నారు, 2008 తర్వాత మరీ ఎక్కువ. పోయినవాళ్ల చోటికి కొత్తవాళ్లు రాలేదు. మాంద్యంలో పెద్దవాళ్లూ దెబ్బతింటారు, కానీ వాళ్లకు షేర్ మార్కెట్ ఉంది, వేర్వేరు ఊళ్లలో ప్రాజెక్టులున్నాయి. చిన్న బిల్డర్‌కు ఉన్నది ఒక సైటు, ఒక బ్యాంకు, పూచీగా రాసిచ్చిన తన సొంత ఇల్లు.

ఎందుకు తట్టుకోలేకపోతున్నారు? లాభాలు బాగానే ఉంటాయంటారు కదా?

ఒక ఊహా లెక్క చూద్దాం. ఆరు ఇళ్ల సైటు. ఆరూ అమ్మితే వచ్చేది 100 అనుకోండి. స్థలానికి 28, కట్టుబడికి 42, ప్లాన్లు, అనుమతులు, నీళ్లు, కరెంటు కనెక్షన్లకు 6, వడ్డీకి 6. మొత్తం 82. మిగిలేది 18. కాగితం మీద చూడముచ్చటగానే ఉంది.

ఇప్పుడు అనుమతి ఒక ఏడాది ఆలస్యమైందనుకోండి. పక్కింటాయన అభ్యంతరం పెట్టాడు, డ్రైనేజీ రిపోర్టు మళ్లీ అడిగారు, ఫైలు చూసే అధికారి మారారు. స్థలం మీద తెచ్చిన అప్పుకు వడ్డీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. 6 కాస్తా 10 అవుతుంది. ఈలోగా స్టీలు, సిమెంటు, కూలీ పెరిగి కట్టుబడి 45కు చేరుతుంది. కొత్త రిపోర్టులతో ఫీజులు 7. మొత్తం 90. అమ్మకం ధర కొంచెం మెత్తబడి 95 వచ్చిందనుకుంటే, మిగిలింది 5. రెండున్నరేళ్ల శ్రమకు, ఇల్లు పూచీ పెట్టినందుకు ఆయన చేతికొచ్చిన ప్రతిఫలం అది. ఇందులో ఏ ఒక్కటీ విపరీతం కాదు. అన్నీ మామూలుగా జరిగేవే, కాకపోతే ఒకేసారి జరిగాయి.

అనుమతి ఖర్చులో ఇంకో మెలిక ఉంది. మట్టి పరీక్ష, ట్రాఫిక్ నివేదిక, వరద అంచనా, లాయరు: ఇవి ఆరు ఇళ్లకైనా కావాలి, ఆరు వందల ఇళ్లకైనా కావాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ వంద రెట్లు పెరగదు. కాబట్టి ఇంటికి పడే భారం చిన్న సైటులోనే ఎక్కువ. నిబంధన ఏదైనా మంచి ఉద్దేశంతోనే వస్తుంది. అవన్నీ ఒకదాని మీద ఒకటి చేరేసరికి చిన్నవాళ్లు ఆట నుంచి తప్పుకుంటారు.

అప్పు తీరు కూడా అంతే. బ్యాంకు మొత్తం ఒకేసారి ఇవ్వదు. పునాది అయ్యాక కొంత, స్లాబు పడ్డాక కొంత, తలుపులు, కిటికీలు బిగించాక కొంత. ప్రతి దశలో వాళ్ల ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం వారం ఆలస్యమైతే సెంట్రింగ్ వాళ్లకు కూలీ ఆగుతుంది. వాళ్లు ఇంకో సైటుకు వెళ్లిపోతారు. మళ్లీ దొరికేసరికి నెల. బయటివాళ్లు "ఆ సైటు ఎందుకో ఆగిపోయింది" అనుకుంటారు. చాలాసార్లు ఆగింది ఒక సంతకం దగ్గర.

అంత తక్కువ కట్టేవాళ్లు ఉంటే ఎంత, పోతే ఎంత?

వాళ్లు కట్టేచోట పెద్దవాళ్లు కట్టరు. రెండు ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ స్థలం, మూతపడిన షెడ్డు, వంకర మూల ప్లాటు: ఇలాంటివి పెద్ద కంపెనీ లెక్కకు ఆనవు. అక్కడ రోడ్డు, నీళ్లు, బడి, బస్టాపు ముందే ఉన్నాయి. కొత్తగా ఊరు విస్తరించక్కర్లేదు.

రెండో ఇల్లు కొనేవాళ్లకూ, చిన్న బిల్డర్‌కూ సంబంధం ఏమిటి?

చాలామంది గమనించని ముడి ఇదే. కట్టకముందే కొనేది ఎవరు? మొదటి ఇల్లు కొనే కుటుంబం ప్లాను చూసి డబ్బు కట్టి రెండేళ్లు ఆగడం కష్టం. ఒక పక్క అద్దె కడుతూ ఇంకో పక్క అడ్వాన్సు కట్టాలి, పూర్తవుతుందో లేదోనని టెన్షన్. ఆగగలిగేది ఇప్పటికే తలదాచుకోవడానికి ఒక ఇల్లు ఉన్నవాళ్లు. కాబట్టి తొలి దశలో వచ్చే అడ్వాన్సుల్లో పెట్టుబడి కోసం కొనేవాళ్లవి పెద్ద వాటా అవుతాయి.

కెనడాలో ఇది స్పష్టంగా కనిపించింది. అక్కడ అపార్ట్‌మెంట్ కట్టడానికి అప్పు కావాలంటే సుమారు 70 శాతం ఫ్లాట్లు ముందే అమ్ముడై ఉండాలని బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. 2022 తర్వాత వడ్డీలు పెరిగి పెట్టుబడిదారులు తప్పుకునేసరికి టొరంటోలో ముందస్తు అమ్మకాలు కుప్పకూలాయి. అమ్మకాలు లేవు కాబట్టి అప్పు లేదు, అప్పు లేదు కాబట్టి పునాది లేదు. పెట్టుబడిదారులు పోతే కుటుంబాలకు ఫ్లాట్లు దొరుకుతాయనుకున్నవాళ్లకు, పూర్తయి ఉన్నవి దొరికాయి. మూడు నాలుగేళ్ల తర్వాత రావాల్సినవి మాత్రం మొదలే కాలేదు.

దీన్నిబట్టి పెట్టుబడిదారులకు ఎర్రతివాచీ పరవాలని కాదు. వాళ్ల కోసం కట్టేవి వాళ్లకు నచ్చినట్టే ఉంటాయి: చిన్న చిన్న ఒంటిగది ఫ్లాట్లు, అద్దెకివ్వడానికి సులువు, పిల్లలున్న కుటుంబానికి ఇరుకు. కానీ వాళ్ల డబ్బును ఆపేముందు ఆ చోటులోకి ఏ డబ్బు వస్తుందో చెప్పాలి. ప్రభుత్వ పూచీతో అప్పా? సహకార సంఘాలా? ఆ జవాబు లేకుండా తలుపు మూస్తే మూతపడేది సైటు.

రెండో ఇంటి మీద పన్ను పెంచితే పని జరుగుతుందా?

ఏ పన్ను అన్నదాన్ని బట్టి. కొనేటప్పుడు ఒక్కసారి వేసేది వేరు, ఖాళీగా ఉంచినందుకు ఏటా వేసేది వేరు.

కొనేటప్పటి పన్నుకు పెద్ద ఉదాహరణ సింగపూర్. అక్కడి పౌరులు రెండో ఇల్లు కొంటే 20 శాతం, మూడోది అయితే 30 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ. విదేశీయులకు 2023 ఏప్రిల్ నుంచి 60 శాతం. ఇంగ్లండ్‌లో 2016లో 3 శాతంతో మొదలైన అదనపు భారం 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతం అయింది. దీనితో కొనుగోళ్లు తగ్గుతాయి. కాకపోతే ఇప్పటికే రెండు ఇళ్లున్నవాళ్లకు ఏమీ కాదు, కొత్తగా కొనేవాళ్లకే దెబ్బ. పైగా ఏడాదంతా అద్దెకిచ్చే ఉద్దేశంతో కొనేవాళ్లూ, తాళం వేసేవాళ్లూ ఒకే పన్ను కడతారు. సింగపూర్‌ను అనుకరించాలనుకునేవాళ్లు ఇంకో సంగతి మరిచిపోతుంటారు. అక్కడ జనాభాలో అత్యధికులు ప్రభుత్వ సంస్థ కట్టిన ఇళ్లలోనే ఉంటారు. కట్టే పని ఒకవైపు సాగుతుంటే పన్ను ఇంకోవైపు పనిచేస్తోంది.

ఖాళీ పన్ను నాకు ఇంతకంటే సూటిగా అనిపిస్తుంది. ఫ్రాన్స్ 1999లో కొన్ని నగరాల్లో ఖాళీ ఇళ్ల మీద పన్ను మొదలుపెట్టింది. తర్వాత జరిగిన ఒక పరిశోధన ఖాళీల రేటు సుమారు 13 శాతం తగ్గిందని తేల్చింది. కెనడాలోని వాంకూవర్ నగరం 2017లో ఇంటి విలువలో 1 శాతంతో మొదలుపెట్టి తర్వాత 3 శాతానికి పెంచింది. వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి స్థానిక సంస్థలు రెండో ఇళ్ల మీద కౌన్సిల్ పన్నుకు, అంటే స్థానిక ఇంటి పన్నుకు, అదనంగా 300 శాతం దాకా వేయొచ్చు. అందరూ అంత వేయలేదు. అక్కడి గ్విన్నెడ్ కౌన్సిల్ 150 శాతం దగ్గర ఆగింది.

ఈ పన్నులతో కొన్ని ఇళ్లు అద్దెకో అమ్మకానికో వస్తాయి. ఒక్కసారి వస్తాయి. ఏటా కొత్త కొత్తగా రావు. ఉన్న ఖాళీలు నిండాక మళ్లీ కట్టడం అనే ప్రశ్న దగ్గరికే రావాలి.

పన్నులెందుకు, నిషేధిస్తే పోలేదా?

ముగ్గురు ప్రయత్నించారు, మూడు పాఠాలు.

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ అనే చిన్న ఊరుంది. 2016 మేలో అక్కడివాళ్లు ఓటేసి, కొత్తగా కట్టే ఇళ్లు స్థిర నివాసానికే వాడాలని తీర్మానించారు. 80 శాతానికి పైగా ఒప్పుకున్నారు. కానీ నిబంధన కొత్త ఇళ్లకే. పాత ఇళ్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. దాంతో బయటివాళ్ల డబ్బు నేరుగా పాత ఇళ్ల మీద పడింది, బిల్డర్లకు అక్కడ కట్టడం మీద ఆసక్తి తగ్గింది. పైన చెప్పిన తేడా గుర్తుందా? ఇక్కడ దాన్ని సరిగ్గా తలకిందులు చేశారు. కొత్త ఇల్లు పుట్టించే డబ్బును ఆపి, ఉన్న ఇల్లు లాక్కునే డబ్బుకు దారి వదిలారు.

స్విట్జర్లాండ్‌లో 2012 మార్చి 11న దేశమంతా ఓటేసింది. ఏ ఊళ్లోనైనా మొత్తం ఇళ్లలో రెండో ఇళ్లు 20 శాతం దాటితే కొత్తవి కట్టకూడదన్న ప్రతిపాదన 50.6 శాతంతో నెగ్గింది. కొండలు కాంక్రీటుతో నిండిపోకూడదన్నది దాని లక్ష్యం, ఆ మేరకు పనిచేసింది. తర్వాతి పరిశోధనలు చూస్తే, నిషేధం తగిలిన పర్యాటక ఊళ్లలో స్థానికులుండే ఇళ్ల ధరలు వెనకబడ్డాయి, నిరుద్యోగం పెరిగింది. ఆ ఊళ్లకు రెండో ఇళ్లు కట్టడమే ఒక ఉపాధి మరి. ఇల్లు కొనాలనుకునే స్థానిక యువకుడికి ఇది లాభమే, ఇల్లున్న వడ్రంగికి నష్టం. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో తండ్రీకొడుకులై ఉండొచ్చు.

నెదర్లాండ్స్‌లో 2022 నుంచి నగరాలు కొన్ని పేటల్లో ఇల్లు కొని అద్దెకివ్వడాన్ని అడ్డుకోవచ్చు. రాటర్‌డామ్ ఫలితాలను పరిశీలిస్తే, తొలిసారి ఇల్లు కొనేవాళ్ల వాటా పెరిగింది. ధరల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అద్దెలు మాత్రం 4 శాతం దాకా పెరిగాయి. అంటే కొనగలిగే మధ్యతరగతికి మేలు, అద్దెకే ఉండాల్సినవాళ్లకు కీడు. ఇది విన్నాక నిషేధం వద్దని నేను అనను. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో చెప్పి చేయమంటాను.

చిన్న బిల్డర్లకు దారి తెరిచిన చోట్లు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అన్నింటికీ తలో కథ.

అమెరికాలోని హ్యూస్టన్‌ది చాలా సాదాసీదా మార్పు. 1998 దాకా ఒక ఇంటికి మామూలుగా కనీసం 5,000 చదరపు అడుగుల స్థలం ఉండాలనేవారు. నగరం లోపలి భాగంలో దాన్ని 1,400కు తగ్గించే వీలు కల్పించారు. 2013లో నగరమంతటికీ విస్తరించారు. ఒక పాత ఇల్లు కొని పడగొట్టి, ఆ జాగాలోనే మూడు సన్నని మేడలు కట్టొచ్చు. ఇది పెద్ద కంపెనీ పని కాదు, సరిగ్గా చిన్న బిల్డర్ కొలతకు సరిపోయే పని. సబ్సిడీ ఇవ్వలేదు, పథకం పెట్టలేదు. ఒక అంకె మార్చారు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం 2016లో తన నివాస భూముల్లో నాలుగింట మూడు వంతుల మీద మునుపటికంటే ఎక్కువ ఇళ్లకు వీలు కల్పించింది. ఐదారేళ్లలో ఇళ్ల అనుమతులు సుమారు రెట్టింపయ్యాయి. ఎక్కువగా వచ్చినవి వరుసగా గోడలు కలిపి కట్టిన చిన్న మేడలు. ఒకట్రెండు పేటల్లో మాత్రమే అనుమతిస్తే అక్కడి స్థలాల ధరలు ఎగిరిపోతాయి, లాభమంతా స్థలం యజమానికే. నగరమంతా తెరిస్తే బిల్డర్‌కు "ఇక్కడ కాకపోతే అక్కడ" అనే బేరం దొరుకుతుంది. ఆక్లండ్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

జర్మనీలో ట్యూబింగెన్ నగరం ఇంకో దారి పట్టింది. 1991లో ఫ్రెంచి సైన్యం ఖాళీ చేసిన బ్యారక్‌ల స్థలాన్ని నగరమే తీసుకుని చిన్న ముక్కలుగా విభజించింది. పది పదిహేను కుటుంబాలు జట్టుగా ఏర్పడి, ఆర్కిటెక్టును పెట్టుకుని, తమ భవనం తామే కట్టించుకున్నాయి. డెవలపర్ లాభం అనే పద్దే లేదు. మీటింగులు మాత్రం లెక్కలేనన్ని ఉంటాయి, ఓపిక లేనివాళ్లు అటు పోకపోవడమే మంచిది.

ఇంగ్లండ్ 2018లో ఒక నియమం తెచ్చింది: స్థానిక సంస్థలు తమ ఇళ్ల లక్ష్యంలో కనీసం 10 శాతానికి హెక్టారు మించని చిన్న స్థలాలను గుర్తించాలి. మంచిదే. స్థలం గుర్తించినంత మాత్రాన అనుమతి తొందరగా రాదన్నది అక్కడి చిన్న బిల్డర్ల పాత ఫిర్యాదు.

కట్టేవన్నీ ఖరీదైన ఇళ్లే. వాటివల్ల మామూలు వాళ్లకు ఏం ఒరుగుతుంది?

కొత్త ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఒక పాత ఇల్లు ఖాళీ చేసి వెళతారు. దాంట్లోకి ఇంకొకరు వస్తారు, వాళ్లదీ ఖాళీ అవుతుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో పరిశోధకులు ఈ వరుసను జనాభా రికార్డులతో వెంబడించారు. నగరం నడిమధ్య 100 కొత్త మార్కెట్ ధర ఇళ్లు కడితే, ఆదాయం తక్కువగా ఉండే సగం పేటల్లో సుమారు 60 ఇళ్లు ఖాళీ అవుతున్నట్టు తేలింది. ఇది రెండేళ్ల లోపే జరుగుతోంది. అయితే కొత్త ఇల్లు కొన్నవాళ్లు పాతది వదలకుండా ఉంచుకుంటే గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోతుంది. తాళం వేసిన రెండో ఇల్లు చేసే హాని ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. అద్దెకిస్తే తెగదు.

మరీ పేదవాళ్లకు ఈ గొలుసు చాలదు. వాళ్లకు ప్రభుత్వమే కట్టాలి, లేదా అద్దెలో సాయం చేయాలి. మార్కెట్‌ను నమ్ముకోమని వాళ్లకు చెప్పడం అన్యాయం.

చిన్న బిల్డర్ కట్టిన ఇల్లు నమ్మొచ్చా?

పేరును బట్టి కాదు, పనిని బట్టి నమ్మాలి. పెద్ద కంపెనీలో ఫిర్యాదు చేస్తే టికెట్ నంబరు వస్తుంది. చిన్న బిల్డర్ అయితే ఫోన్ తీస్తారు, లేదా అసలు తీయరు. కంపెనీ మూసేసి ఇంకో పేరుతో తెరిచేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆయన అయిదేళ్ల క్రితం కట్టిన ఇంటికి వెళ్లండి, కొత్తది చూపిస్తే మోసపోతారు. వానాకాలంలో వెళ్లడం ఇంకా మేలు. బాత్రూమ్ బయటి గోడ అడుగున చెమ్మ మరకలున్నాయా, మేడ మీద నీళ్లు గొట్టం వైపు వాలుతున్నాయా, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోయాయా చూడండి. అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు పది నిమిషాల్లో చెప్పే మాటలు బ్రోచరు మొత్తంలో ఉండవు. డబ్బు పూర్తయిన పనికి మాత్రమే కట్టండి, తేదీల ప్రకారం కాదు. చివరి వాయిదా తాళాలతో పాటు.

నాకు రెండో ఇల్లు కొనాలని ఉంది. తప్పు చేస్తున్నానా?

కొత్తది కట్టించుకుని అద్దెకిస్తే ఊరికి ఒక ఇల్లు ఇచ్చినట్టే. పాతది కొని అద్దెకిస్తే పెద్దగా తేడా లేదు, ఒక కుటుంబం కొనుక్కునే అవకాశం మాత్రం తగ్గింది. పాతది కొని తాళం వేస్తే, కొరత ఉన్న ఊళ్లో అది నలుగురికీ నష్టమే. పాడుబడ్డ ఇల్లు కొని బాగుచేయించడం నాలుగోది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, చాలాచోట్ల అన్నింటికంటే మంచి పని. ఆ పని కూడా చేసేది చిన్న బిల్డరే.

ఇళ్లు ఎక్కువై ధరలు పడిపోతే ఆ చిన్న బిల్డరే ముందు మునుగుతాడు కదా?

మునుగుతాడు, ఆయన స్థలాన్ని పాత ధరకు కొని ఉంటే. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, కానీ మిగతావన్నీ చివరికి దీని దగ్గరికే వస్తాయి. స్టీలు, సిమెంటు, కూలీ ధరలు ఇంటి ధరతో పాటు పడిపోవు. పడగలిగేది స్థలం ధర ఒక్కటే. ఇళ్ల ధర తగ్గుతుందని తెలిసిన స్థలం యజమాని ఏం చేస్తాడు? అమ్మడు. పంట ఎండిపోదు, కూలి ఇవ్వక్కర్లేదు, ఊరికే ఆగుతాడు. ధర మళ్లీ లేచేదాకా ఆగుతాడు. అందుకే ఇళ్ల ధరలు పడినప్పుడల్లా ఇళ్లు చవకగా దొరకడానికి బదులు కట్టడమే ఆగిపోతూ ఉంటుంది.

కాబట్టి రెండో ఇంటి మీద పన్ను గురించి ఎంత చర్చ జరుగుతుందో, కట్టకుండా పెట్టుకున్న స్థలం మీద పన్ను గురించి అంత జరగాలి. అనుమతి వచ్చి, రోడ్డు ఉండి, నీళ్లుండి, ఏళ్ల తరబడి ముళ్లకంపలతో ఉన్న ప్లాటు కూడా తాళం వేసిన ఇల్లు లాంటిదే. దాని యజమాని దగ్గర ఆగే స్తోమత ఉంది, పక్కన నిలబడ్డ చిన్న బిల్డర్ దగ్గర లేదు. అలా ఆగినందుకు పన్ను పడితే ఆ స్థలం బిల్డర్ కొనగలిగే ధరకు దిగొస్తుంది.